గోవిందస్వామి బురుజు

గవినిపేటలో పెళ్లయినా, చావైనా, పార్టీ మీటింగైనా జనం కూర్చునేది బురుజు మీదే. ఊళ్లో బాడుగకు దొరికే ప్రతి ప్లాస్టిక్ కుర్చీ వీపు మీదా ఎర్ర పెయింటుతో ‘బురుజు’ అని రాసి ఉంటుంది మరి. ఆ కుర్చీలు, వాటి మీద కట్టే షామియానాలు, పక్కన పొయ్యి మీదెక్కే గుండిగలు అన్నీ శ్రీ బురుజు టెంట్ హౌస్‌వి. యజమాని గోవిందస్వామి. అరవై దాటినా పందిరి గుంజ భుజాన వేసుకుంటే ఇంకొకరి సాయం అడగడు. ఆయన నాయన చెంగయ్య తాటాకు పందిళ్లు వేసేవాడు. కొడుకు గుడ్డ పందిళ్లకు ఎదిగాడు. ఇంటిపేరు మాత్రం ఇద్దరికంటే పాతది: బురుజోళ్లు.

చిత్తూరు నుంచి పుత్తూరు వెళ్లే దారిలో ఉన్న ఈ ఊరు ఒకప్పుడు ఎవరో పాళెగాడి కోట. ఆ కోటగోడ ఇప్పుడు బస్టాండు వెనక కొంత, హైస్కూలు మరుగుదొడ్ల పక్కన కొంత మిగిలింది. తక్కిన రాయంతా జనం ఇళ్ల పునాదుల్లోకి వెళ్లిపోయింది. దీన్ని తలుచుకుని కన్నీరు పెట్టుకునే పెద్దమనుషులు ఉన్నారు. మనుషుల్ని కాపాడటమే గోడ పని అయితే ఆ రాళ్లు ఇప్పటికీ అదే పని చేస్తున్నాయి కదా అని వాళ్లకు తోచదు.

గోవిందస్వామి ఇంటి పెరట్లో ఒక దిబ్బ ఉంది. అది కోటకు పెద్ద బురుజు అని, తన ముత్తాతకు తాత దాని మీద నిలబడి ఫిరంగి పేల్చాడని ఆయన చెబుతాడు. రుజువు కూడా చూపిస్తాడు. దిబ్బ పక్కన సగం పూడిపోయి, పడుకోబెట్టిన గుండ్రటి రాయి ఒకటి ఉంది. ఎద్దు వీపంత ఎత్తుంటుంది నిలబెడితే. నడిమధ్యన బెజ్జం. బురుజోళ్ల లెక్కలో అది ఫిరంగి బండి చక్రం. చెంగయ్య ఆ బెజ్జంలో పందిరి గుంజ దించి పెరటికి నీడ వేసుకునేవాడు. కొడుకూ అదే చేస్తున్నాడు. ఆ నీడలో కూర్చుని ఆయన భార్య శకుంతలమ్మ బట్టలు ఉతుకుతుంది, ఫిరంగి చక్రం మీదే.

“రాతి చక్రమేసిన బండికి ఎద్దులు సాలవు, రైలింజను కావాల” అని వెంకటరమణ అంటాడు. వెంకటరమణది మామిడికాయల మండీ. గోవిందస్వామితో కలిసి హైస్కూల్లో చదివాడు. అప్పటినుంచీ ఆ దిబ్బను పేడదిబ్బ అనే పిలుస్తాడు.

ఈ ఇద్దరి మధ్యా అసలు తగువు దిబ్బ గురించి కాదు, అంబలి గురించి. మే నెలలో గవిని గంగమ్మ జాతర జరుగుతుంది. ముందురోజే పెద్ద కుండ నిండా రాగి అంబలి కాచి, చల్లార్చి, మజ్జిగ పోసి, ఉల్లిపాయలు తరిగి వేసి, మూతికి గుడ్డ కట్టి ఉంచుతారు. తెల్లారినాక ఆ కుండను మెల్లగా మోసుకొచ్చి దిబ్బ ముందు దించుతారు. మొదటి గరిటె బురుజోళ్ల ఇంటి పెద్దది. అది పడేదాకా కుండను కుదపకూడదు, కలపకూడదు, అమ్మవారికి కోపం. శత్రువు వస్తే మొదట ఎదురు నిలిచేది బురుజు కాబట్టి మొదటి గరిటె బురుజుకి అని కట్టడి. గోవిందస్వామి ఆకుదొన్నెలో ఆ అంబలి పోయించుకుని, కళ్లు మూసుకుని, గుటకలు వేసి, పెదాలు చప్పరించి, “అమ్మా తల్లీ!” అంటాడు. ఆ చప్పరింపు చూసినప్పుడల్లా వెంకటరమణకు ఒళ్లు మండుతుంది. తన తాత జాతరకు ఇనుప తేరు చేయించాడు. కావలసినంత పేరుంది. ఆ ఒక్క గరిటె లేదు.

మొన్న వేసవిలో తిరుపతి యూనివర్సిటీ నుంచి పురావస్తు పరిశోధన బృందం వచ్చింది. కోటగోడ ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ కలుస్తుందో, ఎన్ని విడతల్లో కట్టారో తేల్చడం వాళ్ల పని. బృందానికి పెద్ద లోహిత. వయసు ముప్పై అయిదు లోపే. పుంగనూరు పక్క పిల్ల. ప్రారంభం రోజున ఒక నాయకుడు వచ్చి గోవిందస్వామి షామియానా కింద నిలబడి ఘనమైన వారసత్వం గురించి మాట్లాడి, గోడ ఎటుందని పక్కవాణ్ని అడిగి, అటు చూడకుండానే కారెక్కాడు. లోహిత అప్పటికే బస్టాండు వెనక మోకాళ్ల మీద కూర్చుని ఉంది.

గోవిందస్వామి తిన్నగా ఆమె దగ్గరికి వెళ్లాడు.

“మేడమ్, ఈ మొండిగోడ దగ్గిర ఏముండాది? మా ఇంటికి రాండి. బురుజే ఉండాది.”

“యాడ మామా మీ ఇల్లు?” అని లోహిత తలెత్తింది.

ఆమె నోట మామా అన్న పిలుపు వినగానే ఆయన మేడమ్ అనడం వదిలేశాడు. “ఇదో, రెండు వీధుల అవతల. సూస్తే నువ్వే లేసి నిలబడతావు పాపా.”

ఆమె వచ్చింది. దిబ్బ ఎక్కింది, దిగింది. రాతి చక్రం చుట్టూ ఒకసారి తిరిగి, దాని మీదే కూర్చుని శకుంతలమ్మ ఇచ్చిన టీ తాగింది. బెజ్జంలో వేలు పెట్టి చూసింది. గోడ వరస ఈ పక్కగానే పోయేట్టు కనిపిస్తోంది కాబట్టి ఇక్కడా ఒక గుంత తవ్వుతామంది.

“అది ఫిరంగి బండి చక్రం” అని గోవిందస్వామి అందించాడు.

“సూద్దాం మామా.”

ఆమె వెళ్లాక శకుంతలమ్మ కొంగు దోపుకుంటూ వచ్చింది. “ఇదో, నిన్ను ఎవురు అడిగినారు? వాండ్లు మన పెరట్లోకి రాకముందు ఆడ బురుజు ఉండాది. తొవ్వినాక ఉంటాదని ఏమి గ్యారంటీ?”

“గమ్మునుండు. భూమిలో ఉండేది యాడికి పోతాది?”

“భూమిలో ఉండేది పోదు. నీ నోట్లో ఉండేది పోతాది.”

ఆయన వినిపించుకోలేదు. టీ బంకు దగ్గరికి పోయి వెంకటరమణను పట్టుకున్నాడు. బంకు ముందు పదిమందీ ఉన్నారు. అంతమంది ఉన్నప్పుడు నోరు కట్టుకోవడం గోవిందస్వామికి చేతకాదు.

“ఏమప్పా రమణా, పేడదిబ్బ అంటివే, యూనివర్సిటీ వాండ్లు పేడ తొవ్వను వస్తా ఉండారా?”

“వస్తా ఉంటారేమో. పేడలో గూడా పరిశోధన ఉంటాదంట.”

“అది బురుజని తేలితే ఏం చేస్తావు?”

“తేలకపోతే నువ్వేం చేస్తావు, అది సెప్పు ముందు.”

“తేలకపోతే మొదటి గరిటె వదిలేస్తా! ఇంకెవురైనా తాగనీ! గంగమ్మ మీద ఆన!”

గంగమ్మ మీద ఒట్టు వేశాక దాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి గవినిపేటలో లేదు. వెంకటరమణ గ్లాసు కింద పెట్టి, మీసం తుడుచుకుని, “ఇన్నోళ్లంతా సాచ్చికం” అన్నాడు. ఇంటికి వెళ్లేసరికి సంగతి శకుంతలమ్మకు తెలిసిపోయింది. ఆ రాత్రి సంగటి ముద్ద కంచంలో కొంచెం గట్టిగా పడింది.

పెరట్లో మేకులు దిగాయి, దారాలు కట్టారు, చదరంగా గుంత మొదలైంది. గోవిందస్వామి కొత్త షామియానా తెచ్చి దానిపైన కట్టాడు. బాడుగ మాట ఎత్తితే కోప్పడ్డాడు. ఇక రోజంతా గుంత అంచునే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తవ్వడమంటే గడ్డపారతో పొడవడం అనుకున్నాడు ఆయన. వీళ్లేమో తాపీలతో గీరుతున్నారు, బ్రష్షులతో ఊడుస్తున్నారు, గంపెడు మట్టిని జల్లెడ పడుతున్నారు. పై పొరలో విరిగిన గాజులు, పెంకులు, షాంపూ పాకెట్లు వచ్చాయి. దాని కింద చెంగయ్య కాలంనాటి పందిరి మేకులు వచ్చాయి. “ఇదీ మా నాయనదే!” అంటూ గోవిందస్వామి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకోబోతే, లోహిత దాన్ని కవర్లో వేసి చీటీ అంటించింది. తుప్పు పట్టిన మేకుకు అంత మర్యాద జరగడం చూసి ఆయన ఛాతీ పొంగింది.

ఒక పొద్దున తాపీకి రాయి తగిలింది. పక్కన ఇంకో రాయి. దాని పక్కన ఇంకొకటి. మూడూ ఒక వరసలో ఉన్నాయి, వరస మెల్లగా వంగుతోంది. మట్టి ఊడ్చేకొద్దీ చక్కగా చెక్కిన రాళ్లు ఒంపు తిరిగి బయటపడ్డాయి.

“వంకర!” అని గోవిందస్వామి కుర్చీలోంచి లేచాడు. “పాపా, వంకర తిరిగింది! గోడ నేరుగా పోతాది. వంకర తిరిగేది బురుజే గదా?”

“బురుజు వంకరగానే ఉంటాది మామా. కానీ ఉండు, ఇంకా శానా తీయాల.”

అలా అనడమే ఆమె తప్పయింది. ఉండు అన్న మాట ఆయనకు వినపడలేదు. బురుజు వంకరగానే ఉంటాది అన్నంతవరకే వినపడింది. గంట తిరక్కుండా బజారు నుంచి జాంగ్రీల తట్ట వచ్చింది. టపాకాయల సరాలు తెచ్చి వీధిలో పేల్చాడు. మైకుసెట్టు ఆయనదే కాబట్టి దానికి కొదవ లేదు. మండీ ఎదురుగా స్పీకరు పెట్టి, “బురుజోళ్ల బురుజు బయటపడినది కావున పురజనులందరూ వచ్చి తీపి తీసుకోవలసిందిగా కోరుతున్నాము” అని స్వయంగా చదివాడు. వెంకటరమణ కూడా వచ్చి జాంగ్రీ తిన్నాడు. పాకం కారుతున్న వేళ్లు నాకుతూ గుంతలోకి తొంగి చూసి, “వంకరుండాదిలే, నీ బుద్ధి మాదిరి” అని వెళ్లిపోయాడు. ఓడినవాడి మాటలా ఉందని గోవిందస్వామి మురిసిపోయాడు.

జాంగ్రీల తట్ట ఖాళీ అయినాక కూడా ఆ వంకర ఆగలేదు. తిరిగింది, ఇంకా తిరిగింది, గుంతను పెంచితే ఇంకొంత తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసింది. మంచం పట్టే గదిలో ఇమిడిపోయేంత చుట్టు. బురుజులో మనుషులు నిలబడాలి, ఫిరంగి తిరగాలి. దీంట్లో ఒక గేదె తిరగాలన్నా ఇబ్బందే. పైగా రాళ్లు రెండు వరసలు. వాటి మధ్య జానెడు వెడల్పున గాడి. బయటి మొహం గరుకు, గాడి లోపలి మొహం అద్దంలా నున్నగా అరిగింది. గాడి అడుగున తెల్లగా, రాయికంటే గట్టిగా పేరుకున్న పొర.

లోహిత ఆ పొరను గోటితో గీకి చూసి, టేపు తీసుకుని గుంతలోంచి పైకెక్కింది. శకుంతలమ్మ ఉతుకుతున్న చొక్కాను పక్కకు జరిపి, రాతి చక్రం మందం కొలిచింది. మళ్లీ దిగి గాడి వెడల్పు కొలిచింది. తర్వాత గోవిందస్వామిని కుర్చీలో కూర్చోమంది.

“కూర్చోనే ఉండా గదా పాపా.”

“అయితే సరే. మామా, ఇది బురుజు కాదు. గానుగ.”

“నూనె గానుగా?”

“సున్నం గానుగ. గాడిలో సున్నం, ఇసక పోసి, కరక్కాయ నీళ్లు పోసి, ఎద్దుల్ని కట్టి రాతి చక్రం తిప్పతారు. కోటగోడకు పూసే సున్నం ఈడ నూరినారు. చక్రం మీ ఆవిడ కింద ఉండాది.”

శకుంతలమ్మ చక్రం మీదనుంచి లేచి, దాన్ని వెనక్కి తిరిగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాడు ఆయన. భుజాలు అదురుతున్న తీరు చూస్తే నవ్వు అని తెలిసింది.

“మరి బురుజు?” అన్నాడు గోవిందస్వామి.

“గోడ మీ ఇంటి ముందు సిమెంటు రోడ్డు కింద పోతాది. రోడ్డు అవతల కొసలో ఆనవాలు దొరికింది. బురుజు ఉంటే దాని మీదే యాడో ఉండాల. మీ దిబ్బ అంటావా, అది సున్నం కాల్చి పారబోసిన బూడిద, రాళ్లు.”

“అంటే మా పెద్దోళ్లు సున్నం నూరేవాండ్లా?”

“ఎవురు నూరినారో రాయి సెప్పదు మామా. మీ పెద్దోళ్లు తర్వాతెప్పుడో వచ్చి ఈడ ఇల్లు కట్టుకోనుండొచ్చు. నేను లేనిది సెప్పను.”

ఆమె ఓదార్చడానికి ఒక అబద్ధం ఆడి ఉండొచ్చు. ఆడలేదు, మంచిపని చేసింది.

మర్నాడు గోవిందస్వామి ఏర్పేడులో ఒక గృహప్రవేశానికి కుర్చీలు దించి వచ్చాడు. వాటి వీపుల మీది పేరు కనపడకుండా అన్నిటికీ తెల్ల గుడ్డలు తొడిగి మరీ దించాడు. ఊళ్లో మాత్రం పండగలా ఉంది. జాంగ్రీ తిన్న ప్రతివాడూ బాకీ ఉన్నట్టు వచ్చి పరామర్శించాడు. వెంకటరమణ రాలేదు, కబురు పంపాడు: ఈ ఏడు జాతరకు మొదటి గరిటె ఎవరూ తీసుకోకపోతే ఊరికి కీడు కాబట్టి, ఇష్టం లేకపోయినా తాను ముందుకు వస్తున్నానని. పెద్దలు ఒప్పుకున్నారు. ఆ రోజుకి కొత్త పట్టుపంచె కూడా తెప్పించుకున్నాడట.

“ఇష్టం లేకపోయినా అంట!” గోవిందస్వామి పెరట్లో అటూ ఇటూ తిరిగాడు. “వాడు నా ఎదురుగా తాగతాడు, నేను సూస్తా నిలబడాలంట. ఒక్క మాట అనేదానికి లేదు, ఒట్టు నాది!”

“మాట అనాలంటే దారి ఉండాదిలే” అంది శకుంతలమ్మ, పప్పు ఏరుతూ. “ఆ రోజు ఎవుర్నైనా తిట్టే హక్కు ఒకటుండాది గదా.”

ఆయన ఆగాడు.

గంగమ్మ జాతరలో వేషాలు చాలా ఉంటాయి. దొర వేషం, మాతంగి వేషం, ఆడవేషాలు. ఊరేగింపు చిట్టచివర సున్నపుకుండ వస్తుంది. ఒళ్లంతా బొగ్గు పూసుకుని, దాని మీద సున్నం చుక్కలు పెట్టుకుని, నెత్తిన తెల్లటి కుండ మోస్తూ వచ్చే వేషం. ఎవరికీ ఇష్టం ఉండదు, సున్నం చుర్రుమంటుంది. చీటీలు వేసి ఎవడో ఒకడి మెడకు కడతారు. కానీ సున్నపుకుండకు ఒక వరం ఉంది. ఎవర్నైనా నోటికొచ్చినట్టు తిట్టొచ్చు. తిట్టించుకున్నవాడు చేతులు కట్టుకుని నవ్వాలి. మాట తిరిగి అనకూడదు.

“సున్నం మనదైతే సున్నపుకుండ మాత్రం ఎవురిది?” అని శకుంతలమ్మ చేట దులిపింది.

ఆ సాయంత్రం గోవిందస్వామి పెద్దల దగ్గరికి వెళ్లి, ఈ ఏడు చీటీలు వేయనక్కరలేదని చెప్పాడు. ఊళ్లో ఆ వేషాన్ని అడిగి కట్టుకున్నవాడు ఆయనే మొదట.

జాతర నాడు అంబలి కుండను దిబ్బ ముందు పెట్టలేదు. రోడ్డు మీద, గోడ పోతోందని లోహిత సుద్దతో గీసిన గీత పక్కన దించారు. ఊరేగింపు చివర డప్పుల వెనక, నల్లగా, తెల్ల చుక్కలతో, నెత్తిన కుండతో గోవిందస్వామి వచ్చాడు. శకుంతలమ్మ ఆయన్ను గుర్తుపట్టి ఈల వేసింది. ఆమెకు ఈల వచ్చని పెళ్లయిన ఇన్నేళ్లకు ఆయనకు అప్పుడే తెలిసింది.

ఎదురుగా వెంకటరమణ పట్టుపంచెలో నిలబడి ఉన్నాడు. డప్పులు ఆగాయి.

“ఒరే రమణా!” అని సున్నపుకుండ మొదలుపెట్టింది. “కాయకి మందేసి మాగేసినట్టు మీసానికి రంగేసి మాగేసినావే! ముట్టుకుంటే మెత్తగుండాదా, వాసన సూసి కొనాల్నా?”

వీధి గొల్లుమంది. వెంకటరమణ చేతులు కట్టుకుని నవ్వాడు.

“మా బురుజు పేడంటివే! మీ కూతురి పెండ్లికి తీసుకోని తిరిగియ్యని కుర్చీ మీ మిద్దె మీద ఉండాది. పొద్దన్నే దాని మీద కూర్చోని పేపరు సదవతావు. నీ వీపెనక ఏమి రాసుండాదో మీ ఆవిడనడుగు! ఇన్నేండ్లు బురుజుకి ఆనుకోని బతికినావు గదరా!”

వెంకటరమణ భార్య ఆదిలక్ష్మమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. “నిజమే! ఉండాది!” అని సాక్ష్యం కూడా చెప్పింది. లోహిత కడుపు పట్టుకుని సుద్దగీత మీదే కూర్చుండిపోయింది. తిట్లు సాగాయి. వాటిలో ఎక్కువ భాగం అచ్చుకు పనికిరావు. తిట్టేకొద్దీ గోవిందస్వామి గొంతులో కోపం తగ్గి సంబరం పెరిగింది. ఆఖరికి ఊపిరి అందక ఆగాడు.

అప్పుడు అంబలి కుండ మూతి గుడ్డ విప్పారు. గరిటె దిగింది. వెంకటరమణ దొన్నె చాచాడు, పోయించుకున్నాడు, లోపలికి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

దొన్నెలో నీళ్లున్నాయి. రాత్రంతా కదపకుండా ఉంచిన కుండలో రాగి అడుగుకు దిగుతుంది, ఉల్లిపాయ దాంతోపాటు దిగుతుంది, పైన పుల్లటి తేటనీళ్లు మిగులుతాయి. మొదటి గరిటెలో ప్రతి ఏడూ వచ్చేది అవే. బురుజోళ్ల పెద్దలు తరతరాలుగా వాటినే చప్పరించి, ఈ సంగతి పక్కింటికి పొక్కనివ్వలేదు.

వెంకటరమణ తలెత్తాడు. సున్నం చుక్కల మధ్య నుంచి గోవిందస్వామి కళ్లు మెరుస్తున్నాయి.

“ఎట్లుండాది రమణా?”

ఊరంతా చూస్తోంది. వెంకటరమణ కళ్లు మూసుకున్నాడు, గుటకలు వేశాడు, పెదాలు చప్పరించాడు. “అమ్మా తల్లీ!” అన్నాడు. “అమృతమప్పా.”

“అవునవును” అన్నాడు గోవిందస్వామి. “నాకు తెలవదా.”

తర్వాత కుండ కలిపారు, ఊరు తాగింది. సున్నపుకుండ వంతు అందరికంటే చివర. అప్పటికి కుండలో గరిటె అడుగు గీకుతోంది. ఆయన దొన్నెలో పడింది కారలేదు, ముద్దగా జారింది. చిక్కటి రాగి, మజ్జిగ పట్టి మెత్తబడిన ఉల్లిపాయలు, రాత్రంతా ఊరిన ఉప్పు. ఒక గుక్క నోట్లో పెట్టుకుని గోవిందస్వామి కళ్లు మూసుకోలేదు, పెద్దవి చేశాడు. చప్పరించడం కూడా మరిచిపోయాడు. దొన్నె ఖాళీ చేసి, చెయ్యి కుండలో పెట్టి అడుగున అంటుకున్నది వేళ్లతో తుడిచి నాకాడు.

పట్టుపంచె పక్కకు వచ్చి నిలబడింది. “ఏమప్పా” అన్నాడు వెంకటరమణ, గొంతు బాగా తగ్గించి. “వచ్చే ఏడు ఆ సున్నపుకుండ నేను కడతాలే. నీకు చుర్రుమంటాది.”

“ఏంటికబ్బా, నీకేంటికి కష్టం?” గోవిందస్వామి వేలు నాకుతూనే అన్నాడు. “మొదటి గరిటె ఇంక మీ ఇంటిదే. నీ కొడుకుది, నీ మనవడిది. గంగమ్మ మీద ఆన.”